బోరబండ బస్తీల కూరగాయల బండికి సాయం పట్టిన అందరికీ

ఎర్రగడ్డ రైతుబజారు మనకు దూరమేం కాదు. కానీ రానుపోను ఆటో కిరాయి పెట్టుకుంటే అక్కడ మిగిలేదంతా అందులోనే పోతుంది. అందుకే బజారునే గల్లీలోకి తెచ్చే ఈ బండి. అది రోజూ సాయంత్రం ఆగకుండా వస్తోందంటే చాలామంది చెయ్యి పడింది.

ముందుగా ఆకుకూరల రైతులకు దండాలు. తెల్లారి తెచ్చిన పాలకూర, కొత్తిమీర సాయంత్రం దాకా నిలవడమే అన్నిటికన్నా పెద్ద తలనొప్పి. నీళ్లు చల్లితే చాలనుకుంటారు గానీ, కట్ట లోపల తడి నిలిస్తే నడిమి ఆకులు కుళ్లి జిగురొస్తాయి. వేళ్లు కోయకుండా మట్టి దులిపి, కట్ట వదులుగా కట్టి, నీడలో నిలబెట్టి, తడిపి గట్టిగా పిండిన గోనెసంచి కప్పమని చూపించింది వాళ్లే. బెండకాయకు మాత్రం చుక్క నీరు తగలొద్దు. తగిలిందా, నల్లమచ్చలే.

పొదుపు సంఘం అక్కలకు ఎంత చెప్పినా తక్కువే. పొద్దున నల్లా నీళ్ల హడావుడి, కూలి చేతికొచ్చేది సాయంత్రం. బండి ఐదు దాటాకే రావాలని పట్టుబట్టారు. ధరల బోర్డునూ వాళ్లే మార్పించారు. కిలో 30 ఉంటే పావుకిలో ఏడున్నర. ఎనిమిదంటే కొనేవాళ్లతో గొడవ, ఏడంటే బండికి నష్టం. ఇప్పుడు బోర్డు మీద కిలో ధర పక్కనే ‘10 రూపాయలకు 335 గ్రాములు’ అని ఉంటుంది. కాంటా ఐదేసి గ్రాములే చూపిస్తుంది కాబట్టి 333ని పైకే సర్దారు. చిల్లర పేచీ తీరింది.

ఆ కాంటా బాగుచేసే అన్నకు కూడా. మన గల్లీలన్నీ ఎత్తుపల్లాలే. బండి వాలితే కాంటా వాలి తూకం తేడా కొడుతుంది. పళ్లెం కింద నీటిబుడగ నడుమకొచ్చేదాకా కాంటా కాళ్లు తిప్పాలని నేర్పి, టైరు కింద పెట్టే చెక్కలూ చేసిచ్చారు. తూనికలు కొలతల శాఖ ముద్ర ఏడాదికోసారి వేయించాలని గుర్తుచేసేదీ ఆయనే.

డ్రైవరన్న సంగతి అందరికీ తెలిసిందే, ఎంత బతిమాలినా సరుకు 500 కిలోలు దాటనివ్వడు. టమాట క్రేటు అంచుదాకా నింపనివ్వడు. రెండు వేళ్ల ఖాళీ లేకపోతే పై క్రేటు బరువంతా కాయల మీదే పడి అడుగువి చితుకుతాయి. అయినా మెత్తబడినవాటిని ఆ రాత్రికే పచ్చడికి తీసుకుపోయే టిఫిన్ సెంటర్ అన్నకూ థ్యాంక్స్.

ఎండలు ముదిరాయి కాబట్టి ఆకుకూర సగానికి తగ్గిస్తున్నాం. కావాల్సినవాళ్లు ముందురోజే సంఘం అక్కలకు చెప్పి పెట్టండి.