పాలమూరు సమాధుల తోట మరమ్మతులు: జమా ఖర్చుల వివరణ

సంఘ పెద్దలకు, చందాలిచ్చిన కుటుంబాలకు వందనాలు. పాత గోరీల బాగుచేతకు మీరిచ్చిన డబ్బు లెక్క ఇది.

పోయినేడు మిగిలినది రూ. 8,400. ఊళ్ళోని కుటుంబాల చందాలు రూ. 1,46,500. హైదరాబాదు నుంచి, బయటి దేశాల నుంచి మనవాళ్ళు పంపినది రూ. 62,000. సమాధుల పండుగ రోజు పెట్టెలో పడినది రూ. 11,350. మొత్తం జమ రూ. 2,28,250.

అందరూ అడుగుతున్నది సున్నం పని గురించే. సిమెంటు అయితే చవగ్గా అయిపోయేది కదా అంటున్నారు. డబ్బు వరకు అది నిజమే. కానీ పాత వరుసల్లోని గోరీలు ఇటుకతో, గానుగ సున్నంతో (గానుగలో నూరిన సున్నంతో) కట్టినవి. ఇటుక నేలలోని తేమను పీల్చుకుంటుంది, సున్నం ఆ తేమను బయటికి వదులుతుంది. సిమెంటు వదలదు. గతంలో సిమెంటు పూసిన గోరీల్లో పూత గట్టిగానే ఉంది, లోపల ఇటుక మాత్రం పొడి అయింది. గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధులకు ఆగాఖాన్ ట్రస్టు చేయించిన మరమ్మతుల్లోనూ సిమెంటు తీసేసి సున్నమే వాడారు. అందుకే ఖర్చయినా సున్నానికే పోయాం. సున్నం, ఇసుక, సున్నంలో కలపడానికి కరక్కాయ, బెల్లం అన్నీ కలిపి రూ. 41,200. ఈ పని తెలిసిన మేస్త్రీలు దొరకడమే కష్టం. వాళ్ళకు, కూలీలకు రూ. 78,600. పూత పగలకుండా తడి గోనెలు కప్పి రోజూ నీళ్ళు కొట్టిన కూలి కూడా ఇందులోనే ఉంది.

కూలిన ప్రహరీ, గేటు కమాను రూ. 52,000. తుమ్మలు, ముళ్ళకంప కొట్టించినందుకు రూ. 24,500. జేసీబీ పెడితే తక్కువలో అయ్యేది, కానీ తల పడమరకు, కాళ్ళు తూర్పుకు పెట్టి వరుసగా కట్టిన గోరీల మధ్య అది తిరిగితే ఏదీ మిగలదు. మనుషులతోనే చేయించాం.

రాళ్ళ మీది పేర్లు ఫోటోలు తీయించి, రిజిస్టరులోకి ఎక్కించడానికి రూ. 9,750. ఇది అన్నిటికన్నా ముఖ్యమైన పని. 1885లో బాప్టిస్టు మిషనరీలు ఇక్కడికి వచ్చేటప్పటికి ఈ ఊరు ఇంకా మహబూబ్‌నగర్ కాలేదు. ఆ పేరు 1890లో వచ్చింది. అప్పట్లో విశ్వాసంలోకి వచ్చిన మన పెద్దల ఆనవాళ్ళు మనకు మిగిలింది ఈ రాళ్ళ మీదే. ఎండావానలకు అక్షరాలు అరిగిపోతున్నాయి.

మొత్తం ఖర్చు రూ. 2,06,050. నిల్వ రూ. 22,200 బ్యాంకులో ఉంది. దీంతో తూర్పు వైపు ఒరిగిన రాళ్ళు నిలబెట్టిస్తాం. బిల్లులన్నీ ఆదివారం ఆరాధన తర్వాత చర్చి ఆఫీసులో చూడవచ్చు. మీ ఇంటి పెద్దల పేరు రిజిస్టరులో తప్పుగా పడి ఉంటే అప్పుడే చెప్పండి, దిద్దిస్తాం.

— సమాధుల తోట కమిటీ