మా కృష్ణుడి ముఖం తుడిచిన ఆ పెద్దమ్మకి

కృష్ణుడి వేషంలో ఉండగా స్టేజీ మీదే కూలబోయిన నాన్న ఇంటికొచ్చేశారు. గుండెకి స్టెంట్ వేశారు. మాట్లాడుతున్నారు, గొంతు మాత్రం ఇంకా లేవట్లేదు. కొన్నాళ్ళు పద్యం ఎత్తుకోవద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. ఎన్నాళ్ళు వింటారో మీకందరికీ తెలిసిందే. ఫోన్లు చేసినవాళ్ళకి ఒక్కొక్కరికీ జవాబు చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాను. సరిగ్గా నిద్రపోయి చాలా రోజులైంది, కాబట్టి వరసా వావీ లేకుండా రాస్తే సర్దుకోండి.

నాన్న సంగతి తెలియనివాళ్ళ కోసం కొంచెం. మాది తెనాలి దగ్గర పల్లె. స్థానం నరసింహారావు గారు ఆడవేషాలతో ఆంధ్రదేశాన్ని ఊపేసిన ఊరి గాలి అది, నాటకం పిచ్చి అంటకుండా పోదు. చిన్నప్పుడు లోహితాస్యుడు, మీసాలొచ్చాక నక్షత్రకుడు, తర్వాత అర్జునుడు, చివరికి రాయబారంలో కృష్ణుడు. పీసపాటి నరసింహమూర్తి గారి కృష్ణుణ్ణి, షణ్ముఖి ఆంజనేయరాజు గారి కృష్ణుణ్ణి తెల్లవార్లూ చాప మీద కూర్చుని చూసి, పొద్దున్నే పొలంగట్టు మీద ఆ రాగాలు తీసిన తరం ఆయనది.

సినిమాల్లోకీ వెళ్ళారు. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బులో వేషాలేసిన ఎస్వీ రంగారావు గారు మద్రాసు వెళ్ళి ఎంతవాడయ్యారో విని రైలెక్కినవాళ్ళకి లెక్కలేదు కదా, అందులో మా నాన్న ఒకరు. దక్కినవి సభలో రెండో వరస మంత్రి, కోర్టులో బంట్రోతు, పెళ్ళిలో పురోహితుడు. టీవీలో ఆ సినిమా వస్తే కంచాలు పక్కన పెట్టి కూర్చునేవాళ్ళం. ‘అదిగో’ అనేలోపు వెళ్ళిపోయేవారు. ఉన్న ఒక్క డైలాగుకీ వేరేవాళ్ళ గొంతు. ఆ గొంతు సంగతి ఎత్తితే అమ్మకి ఇప్పటికీ కోపమొస్తుంది. కొన్నేళ్ళకి నాన్న తిరిగొచ్చి మళ్ళీ హార్మోనియం పక్కన నిలబడ్డారు.

నాన్నకి నాటకం తర్వాత అంత అభిమానం జవాన్లంటేనే, అది ఆయనకి కుర్రతనంలోనే పట్టుకుంది. చైనా యుద్ధం నాడూ, ఆ తర్వాత పాకిస్తాన్ యుద్ధం నాడూ సినిమా తారలు నిధుల కోసం జనంలోకి వచ్చిన రోజులు ఆయన బాల్యం. సావిత్రి గారు ఒంటి మీద నగలు తీసి ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి గారి చేతికిచ్చారని మా నాయనమ్మ ప్రతి పండక్కీ చెప్పేదట. 1971 డిసెంబరులో విశాఖ తీరంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగేనాటికి నాన్న మీసం దువ్వే వయసు. ఆ ఏడు వాళ్ళ జట్టు రక్షణ నిధికి ఆడిన నాటకాల గురించి ఇప్పటికీ నిన్నటి సంగతిలా చెప్తారు. కార్గిల్ నాకే గుర్తుంది. 1999లో హైదరాబాదు కుర్రాడు మేజర్ పద్మపాణి ఆచార్య ఫోటో పేపర్లో పడిన రోజుల్లో, పడక సీను అవగానే కృష్ణుడూ అర్జునుడూ కిరీటాలతోనే కిందికి దిగి జోలె పట్టారు. అప్పట్నించీ డిసెంబరు 7కి, అంటే సాయుధ దళాల పతాక దినోత్సవానికి, అటో ఇటో ఒక నాటకం పైసా తీసుకోకుండా ఆడాల్సిందే. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం గీతలున్న ఆ చిన్న జెండా పట్టుశాలువాకి గుచ్చుకుని మరీ స్టేజీ ఎక్కుతారు. ద్వాపరయుగంలో ఆ జెండా ఏమిటని ఒకాయన అడిగితే, ‘యుద్ధం వద్దని రాయబారం వెళ్ళేవాడికి సైనికుడి విలువ తెలియదా’ అన్నారు.

ఈసారి నాటకం తాడేపల్లిగూడెం వైపు, మిలటరీ మాధవరానికి దగ్గర్లోని ఒక ఊళ్ళో. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ ఇంటికొకరు చొప్పున పటాలానికి వెళ్ళే ఊరు మాధవరం, ఆ గాలి చుట్టుపక్కలకీ తగిలింది. ముందు వరస కుర్చీలన్నీ మాజీ సైనికులవే. సభా సీనులో నాన్న పద్యం మధ్యలో ఆగిపోయారు. రాగం మలుపు తిప్పబోతున్నారనుకుని జనం చప్పట్లు కొట్టారు. హార్మోనియం మాస్టారు శ్రుతి పట్టుకుని ఎదురుచూస్తున్నారు. దుర్యోధనుడికొక్కడికే అర్థమైంది. సింహాసనం మీంచి ఒక్క ఉదుటున వచ్చి కృష్ణుణ్ణి పడకుండా పట్టుకున్నాడు. (ఆయన ఆర్టీసీ కండక్టరు. ఇన్నేళ్ళుగా కృష్ణుణ్ణి కట్టెయ్యమని అరిచిన మనిషి ఆ రాత్రి ఎత్తుకుని వ్యాను దాకా పరిగెత్తాడు.) మాజీ సైనికులు అప్పటికే స్టేజీ మీదున్నారు. ఒకాయన జేబులోంచి ఆస్ప్రిన్ బిళ్ళ తీసి నమిలించారు, ఇంకొకాయన దారి పొడవునా నాడి పట్టుకునే ఉన్నారు. అయ్యా, మీ అందరికీ చేతులెత్తి దణ్ణం.

నేను అసలు చెప్పాలనుకున్నది ఆసుపత్రికి వెళ్ళాక జరిగింది.

కృష్ణుడికి ముఖం, మెడ, చేతులు, గోళ్ళతో సహా నీలం రంగు వేస్తారు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు పాపం కంగారుపడిపోయాడు. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే పెదాలు నీలం తిరుగుతాయి కదా, ఇక్కడ మనిషంతా నీలమే. వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెడితే రంగు అడ్డమొచ్చి అంకె రావట్లేదు. ఈసీజీ బిళ్ళలు రంగు మీద, చెమట మీద నిలవట్లేదు. నర్సమ్మ స్పిరిట్ దూదితో రుద్దితే రంగు ఇంకా పాకింది, నాన్న మంటతో మూలిగారు. నేను తడిగుడ్డ పట్టుకుని ఎక్కడ మొదలెట్టాలో తెలియక నిలబడ్డాను.

అప్పుడు పక్క మంచం దగ్గర్నుంచి ఒక పెద్దావిడ లేచొచ్చింది. మనవడికి డెంగీ, సెలైను ఎక్కుతోంది. సంచీలోంచి కొబ్బరినూనె సీసా తీసి, ‘నీళ్ళకి దిగదమ్మా ఇది, నూనెకే దిగుద్ది’ అని నా చేతిలో గుడ్డ లాక్కుంది. అర్దళం, ముర్దారుసింగి లాంటి పాత మేకప్ పొడులు పోయి ట్యూబు రంగులొచ్చాయి గానీ ఆవిడ చెప్పింది నిజం, మేకప్ దించేది ఎప్పుడూ కొబ్బరినూనే. నాకు తెలియనిది కాదు, ఆ క్షణంలో బుర్రలోకి రాలేదంతే. ముందు వేళ్ళు తుడిచింది. క్లిప్పు అంకె చూపించింది. తర్వాత ఛాతీ. డాక్టరు పని డాక్టరు చేసుకుంటుంటే, అడ్డం రాకుండా తలవైపు నిలబడి పెదాలు, ముక్కు పక్కలు, చెవుల వెనక, కనురెప్పలు తుడిచింది. కనురెప్పల దగ్గర గుడ్డ వదిలేసి తన వేలి కొసతో తీసింది. ఒక్క విసుగు మాట లేదు. ఎవరు, ఏ ఊరు, ఏం కులం, డబ్బులున్నాయా అని అడగలేదు. ఎవరూ చెప్పకుండానే నాన్న చెవి కమ్మలు విప్పి నా కొంగుకి ముడేసింది.

ముఖమంతా తేటపడింది. నుదుటి దగ్గర చెయ్యి ఆగింది. నా వైపు తిరిగి, ‘నామం కూడా తీసెయ్యమంటావా అమ్మా?’ అంది.

అప్పటిదాకా నాకు కన్నీళ్ళు రాలేదు. సంతకాలు పెట్టాను, డబ్బు కట్టాను, అన్నయ్యకి ఫోన్లో అంతా వివరంగా చెప్పాను. ఆ మాటతో మోకాళ్ళలో బలం పోయింది. అక్కడే మంచం కోడు పట్టుకుని కూలబడి ఏడ్చాను. ఆవిడే డాక్టర్ని అడిగింది, నుదుటితో మీకేం పని లేదుగా అని. లేదన్నాడు. అయితే ఉండనీ అంది. నాన్న ఆ నామంతోనే స్టెంట్ వేసే క్యాథ్ ల్యాబులోకి వెళ్ళారు, దానితోనే బయటికొచ్చారు.

నేను కిందికొచ్చేసరికి ఆ మంచం ఖాళీ. మనవణ్ణి వేరే వార్డుకి మార్చారని ఒకరు, వేరే ఆసుపత్రికి తీసుకెళ్ళారని ఒకరు చెప్పారు. నూనె సీసా మాత్రం మా దగ్గరే ఉండిపోయింది. పేరు అడగలేదు. వయసు అరవై దాటి ఉంటుంది, చేతి మీద పాత పచ్చబొట్టు ఉంది. ఎవరికైనా ఆవిడ తెలిస్తే నాకొక్కదానికే చెప్పండి. ఫోటో తీసి నలుగురికీ పంపద్దు. పిల్లాడు ఎలా ఉన్నాడో తెలిస్తే చాలు నాకు.

అన్నయ్య బెంగుళూరు నుంచి రాత్రికి రాత్రి వచ్చాడు. మావారు డబ్బు సర్దారు. వదిన పిల్లల్నీ అమ్మనీ చూసుకుంది. వాళ్ళకి ఇక్కడ కృతజ్ఞతలు రాస్తే ‘ఏంటీ నాటకం’ అంటారు.

ఒక్క మాట రాయకుండా ఉండలేకపోతున్నాను. నాన్నకి కళాకారుల కార్డు ఉండేది. గడువు తీరితే మళ్ళీ ఇవ్వమని ఒక కార్యాలయానికి వెళ్ళాం. ఈ మధ్య వేషాలేసినట్టు రుజువు తెమ్మన్నారు. కరపత్రాలు చూపిస్తే ముద్రించిన కాగితం చెల్లదన్నారు, ఫోటోలు చూపిస్తే మేకప్‌లో ఉన్నది మీరేనని ఎలా నమ్మాలన్నారు. ఆ ప్రశ్నకి నేనిప్పటికీ జవాబు వెతుకుతూనే ఉన్నాను. ఆ కాగితం ఏ బల్ల మీదుందో గానీ, కార్డు మాత్రం ఇంకా రాలేదు. సైనికుల కుటుంబాలకి ఏదో ఒక సంక్షేమ కార్యాలయం ఉంది, సంతోషం, ఉండాలి కూడా. అయినా అక్కడ తిరిగి తిరిగి అలిసిపోయిన వితంతువుల గోడు నాన్న జోలెలో నోటు వేస్తూ వాళ్ళే చెప్పేవారు. వాళ్ళ కోసం జోలె పట్టే వేషగాడి గోడు వినే గుమ్మం మాత్రం మాకు దొరకలేదు. సన్మానాలకి శాలువాలు ఎక్కడ్నుంచో వస్తాయి, కార్డుకి సంతకం రాదు.

నాన్న కళ్ళు తెరిచి మొదట అడిగింది ‘జోలె ఎక్కడ’ అని. కంగారు పడకండి, ఆ రాత్రి పోగైనదంతా ఊరి పెద్దలు లెక్కపెట్టి సైనిక సంక్షేమ నిధికి కట్టి రసీదు పంపారు. ఆయన దిండు కింద ఉంది.

అయ్యో, వ్యాను డ్రైవరు గారిని మర్చిపోయాను. పెట్రోలు డబ్బు కూడా తీసుకోలేదు. తబలా ఆయన చెప్పుల్లేకుండా మాతో వచ్చి, పొద్దున అలాగే బస్సెక్కి వెళ్ళారు. స్పిరిట్ దూదితో రుద్దిన నర్సమ్మ తర్వాత రెండుసార్లు సారీ చెప్పింది. తల్లీ, నీ తప్పేం లేదు, నీ డ్యూటీ అయిపోయాక కూడా నాన్న దగ్గరే ఉన్నావని నాకు తెలుసు. ఐసీయూ బయట నాకు టీ తెచ్చిచ్చిన కుర్రాడికి కూడా దణ్ణం. తెనాలి డ్రెస్ కంపెనీ బాబాయి నూనె మరకలు పడ్డ పట్టు ఉత్తరీయానికి అద్దె వద్దన్నారు. అన్నట్టు బాబాయి అడుగుతున్నారు, కిరీటం ఆ హడావుడిలో ఎవరో తీసి దాచారట. మీలో ఎవరింట్లో ఉంటే చెప్పండి, అది అద్దెది, మా అన్నయ్య వచ్చి తీసుకెళ్తాడు.