లేని దవాఖానను చూడటానికి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల 28న ఎనిమిదో తరగతి పిల్లల్ని ఉస్మానియా దవాఖాన ఆవరణకు తీసుకెళ్తున్నాం. "దవాఖానకు పిక్నిక్కా మేడమ్?" అని పోయినవారం ఒక అమ్మ ఫోన్ చేసి అడిగారు. నవ్వొచ్చింది గానీ, అడగాల్సిన మాటే. మేం తలుచుకోబోయేది ఇప్పుడున్న దవాఖానను కాదు, దానికి ముందు అక్కడ ఉండి మూసీలో కొట్టుకుపోయినదాన్ని.

మన పిల్లలకు అఫ్జల్‌గంజ్ అంటే ఒక బస్టాపు. 1866లో ఐదో నిజాం అఫ్జలుద్దౌలా హయాంలో అక్కడ నది ఒడ్డున దవాఖాన కట్టి ఆయన పేరే పెట్టారు. అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1846లో, నగరంలో వైద్య పాఠశాల మొదలైంది. మొదట్లో ఆ చదువంతా ఉర్దూలోనే. ఇంగ్లిష్ మీడియం గురించి నన్ను రోజూ నిలదీసేవాళ్లు ఈ వాక్యం ఇంకోసారి చదవండి.

ఆ పాఠశాలలో 1885లో చేరి 1889లో చదువు ముగించిన రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ యువతి, తర్వాత క్లోరోఫారం ఇచ్చే డాక్టరయ్యారు. మత్తు వైద్యంలో ప్రపంచంలోనే తొలి మహిళ ఆమేనని చాలామంది చెప్తారు.

క్లోరోఫారం గొడవ కూడా పిల్లలకు చెప్పాం. మత్తులో మనిషి పోతే ముందు ఆగేది గుండెనా, ఊపిరా? ఊపిరే అన్నది ఇక్కడి సర్జన్ ఎడ్వర్డ్ లారీ వాదన. తేల్చడానికి 1888లో, 1889లో రెండు కమిషన్లు వేశారు. రెండోదానికి ఆరో నిజాం వెయ్యి పౌండ్లిచ్చి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే డాక్టరును రప్పించారు. "నాడి కాదు, ఊపిరి చూడండి" అని తేల్చారు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఆయన, క్లోరోఫారంతో గుండె లయ తప్పి నేరుగా ఆగిపోగలదని చూపించారు. అంత ఖర్చూ పెట్టి పొరబడ్డారన్నమాట. మా సైన్సు టీచరుకు ఈ కథలో నచ్చింది అదే, నాకూ అదే.

ఇక 1908 సెప్టెంబరు 28. ఎడతెగని వాన. చెరువులు తెగి మూసీ ఊరి మీదికొచ్చింది. పదిహేను వేలమంది పోయారని అంచనా. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ భార్యనీ కూతురినీ ఆ వరదలోనే పోగొట్టుకున్నారు. దవాఖానా పోయింది. దాని ఆవరణలోని చింతచెట్టు మాత్రం నిలబడింది. దానిమీదికెక్కి దాదాపు 150 మంది బతికారు.

"ఒక్క చెట్టుమీద అంతమంది ఎట్లా పడతారు?" అన్నాడు ఒక పిల్లాడు. లెక్కల సారు మాటలతో సరిపెట్టలేదు, మూడు సెక్షన్లనూ మైదానంలోని వేపచెట్టు కిందికి తోలుకెళ్లారు. నూట పద్దెనిమిది మందికే నీడ నిండిపోయింది. కొందరి భుజాలు ఎండలోనే ఉన్నాయి. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు.

వరద తర్వాత విశ్వేశ్వరయ్యను పిలిపించడం, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టడం పాఠంలో ఉంది. ఏడో నిజాం కాలంలో విన్సెంట్ ఎష్ అనే ఆర్కిటెక్టు నమూనాతో లేచిన గుమ్మటాల ఉస్మానియా దవాఖాన భవనాన్ని మీరూ చూసే ఉంటారు. 2020 జూలై వానలకు దాని వార్డుల్లోకీ నీళ్లొచ్చాయి.

చింతచెట్టు ఇంకా ఉంది. పిల్లలు దాన్ని కొలుస్తారు, బొమ్మ వేస్తారు. చుట్టూ రోగులు, వాళ్లకోసం కాచుకునే మనుషులు ఉంటారు కాబట్టి అరుపులు, సెల్ఫీలు వద్దని ఇంట్లో కూడా ఒక మాట చెప్పండి. నానమ్మలకో తాతయ్యలకో పాత దవాఖానల కబుర్లు ఏమైనా గుర్తుంటే ఒక పేజీ రాయించి పంపండి, తప్పులు దిద్దకండి.

అనుమతి పత్రం 24లోగా క్లాస్ టీచరుకు ఇవ్వాలి. బస్సు ఉదయం తొమ్మిదిన్నరకు బయల్దేరుతుంది. టిఫిన్ డబ్బా తరగతిలోనే ఉంచి, నీళ్ల సీసా, టోపీ, దర్జీ టేపు తెచ్చుకుంటే చాలు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు