ప్లాన్ పెంచుకోమన్నది నేనే, తప్పూ నాదే

నరసన్నపేటలో మన నెట్ వాడుతున్న అందరికీ నమస్కారం.

సాయంత్రం పూట వీడియో కాల్ తెగిపోతోందని ఎవరు ఫోన్ చేసినా రెండు నెలలుగా నాది ఒకటే పాట: "ప్లాన్ పెంచుకోండి." నా మాట విని పదకొండు మంది పెంచుకున్నారు. అది తప్పుడు సలహా.

పోయిన ఆదివారం ఓ రిటైర్డ్ మాస్టారింటికి వెళ్లాను. "ఏటి బాబూ, డబ్బులెక్కువ కట్టించీసుకున్నావు, మా గుంటడి మాట ఇంకా తెగిపోతంది" అన్నారు. వాళ్ల అరుగు మీదే కూర్చుని ల్యాప్‌టాప్‌లో పింగ్ పెట్టాను, అంటే ఓ చిన్న సందేశం వెళ్లి తిరిగి రావడానికి ఎంతసేపు పడుతోందో చూశాను. 14 మిల్లీసెకన్లు, 15, 14. బ్రహ్మాండం. అంతలో లోపల మనవరాలు పెళ్లి వీడియోలు గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించడం మొదలెట్టింది. 90, 310, 580, 610... ఇక దిగలేదు. పాప ఆపగానే మళ్లీ 14.

తీగ బాగానే ఉంది, స్పీడూ ఉంది. కాల్‌లో మాట ఆ వీడియోల వెనకాల లైన్లో నిలబడిపోయింది, అంతే. ఆ లైను కట్టింది నేనే. ఆఫీసు రౌటర్‌లో ఒక్కో కనెక్షన్‌కి స్పీడు కట్టే చోట, ఒక్క ప్యాకెట్టూ (నెట్‌లో వెళ్లే డేటా ముక్క) పోకూడదని, అవి వంతు కోసం ఆగే క్యూను 1000 ప్యాకెట్లకు పెంచి పెట్టాను. ఒక్కోటి 1500 బైట్లు, మొత్తం 1.2 కోట్ల బిట్లు. 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద అది ఖాళీ అవడానికి 1.2 సెకన్లు, 20 మీద 0.6. అందుకే ప్లాన్ పెంచినవాళ్లకి సగం నయమనిపించింది. నేనేమో మందు పనిచేసిందనుకున్నాను.

రథసప్తమికి అరసవల్లిలో క్యూలైన్ ఇంకో మైలు పొడిగించినంత మాత్రాన దర్శనం త్వరగా అవుతుందా? పైగా ప్యాకెట్ పోతేనే గానీ పంపే కంప్యూటర్‌కి తగ్గాలని తెలీదు. నేను పోనివ్వలేదు, అది తోస్తూనే ఉంది.

ఈ జబ్బు పేరు బఫర్‌బ్లోట్. దీనికి క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ 2012లోనే కోడెల్ అనే పద్ధతి చెప్పారు. క్యూ ఎంత పొడవుందో దానికి అక్కర్లేదు, ప్యాకెట్ ఎంతసేపు ఆగిందన్నదే లెక్క. ఆ ఆగడం 100 మిల్లీసెకన్ల పాటు 5 మిల్లీసెకన్ల కిందకి దిగకపోతే ఒకదాన్ని పారేస్తుంది, పంపేవైపు వేగం తగ్గుతుంది. నేను పెట్టింది అందులోనే ఓ రకం, ఎఫ్‌క్యూ-కోడెల్. ఇందులో వీడియోలదో లైను, కాల్‌దో లైను. మాస్టారి కనెక్షన్‌ని పాత ప్లాన్‌కే దించి, ఇది పెట్టి, పాప చేత అవే వీడియోలు మళ్లీ ఎక్కించాను. పింగ్ 19, 22, 18.

వెనక గదిలో వైఫై అందకపోయినా, జేసీబీ ఫైబర్ తెంపేసినా దీనివల్ల ఒరిగేదేమీ లేదు. మన రౌటర్ కూడా పాతది. అందరికీ ఒకేసారి పెడితే రాత్రి తొమ్మిదింటికి చేతులెత్తేస్తుందని భయం. కాబట్టి ముందు ఆ పదకొండు ఇళ్లు, తర్వాత వీధికి వీధి.

ఆ పదకొండు మందికీ ఎక్కువ కట్టిన డబ్బు వచ్చే బిల్లులో తగ్గిస్తాను. పాత ప్లాన్‌కి వెళ్లాలంటే ఒక్క ఫోన్ చాలు. బుధవారం రాత్రి ఒంటిగంట నుంచి రెండు దాకా నెట్ ఉండదు, రౌటర్ రీస్టార్ట్ చేస్తున్నాను.