అమెరికా కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారూ,

డల్లాస్ దగ్గర ఒక రెస్టారెంట్లో రాత్రిళ్లు గిన్నెలు కడుగుతాను. అక్కడ వడ్డించే ఆవిడకు గంటకు జీతం 2.13 డాలర్లు. అచ్చుతప్పు కాదండీ, 1991 నుంచి అదే రేటు. మిగతాది టిప్పుల్లో రావాలి. తక్కువైతే గంటకు కనీస వేతనం 7.25 డాలర్ల దాకా యజమాని పూడ్చాలని చట్టం. అడిగితే మర్నాడు షిఫ్టు ఉండదు, ఇంకెవరు అడుగుతారు? ఆ 7.25 కూడా 2009 జులై నుంచి కదల్లేదు.

మొన్న మంగళవారం వాన, బేరాల్లేవు. ఆవిడ ఏప్రన్ జేబులోంచి చిల్లర తీసి కౌంటర్ మీద రెండుసార్లు లెక్కపెట్టుకుంది. వంటాయన ఐదు డాలర్లిచ్చాడు, నేను మూడు కలిపాను.

రేటు పెంచాల్సింది ఇక్కడి చట్టసభ, కాంగ్రెస్సేనని తెలుసు. ఆ పూడ్చే లెక్కలు చూడాల్సింది మాత్రం మీ ఇన్‌స్పెక్టర్లే. చెప్పాపెట్టకుండా ఒక శనివారం రాత్రి పంపండి. మమ్మల్ని విడిగా పిలిచి అడగమనండి.

ఇట్లు,
గిన్నెలు కడిగే ఒక తెలుగువాడు