అమ్మ బైబిల్‌ను మళ్లీ అమ్మ చేతుల పెట్టినవాళ్లకు

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

కంటి ఆపరేషన్‌కని అమ్మను నల్లగొండకు తెచ్చుకున్న వారమే ముసురు పట్టింది. దేవరకొండ దగ్గర మా ఊర్లో పెంకుటిల్లు ఒక మూల కురిసి, ట్రంకుపెట్టెలోకి నీళ్లు దిగినయ్. మేం పోయి చూసేసరికి చీరల అడుగున అమ్మ బైబిల్ నాని ముద్దయి ఉంది. నాకు ఏడుపు ఆగలేదు.

కొత్తది కొనుక్కోవచ్చు కదా అని కొందరు అడిగిన్రు. వాక్యం అదే, నిజమే. కానీ అమ్మకు అక్షరాలు వచ్చిందే ఆ పుస్తకంతోని. పెళ్లయినంక నాయిన ఆమె వేలు పట్టుకొని ఒక్కో మాట మీద పెట్టి చదివించిండు. మొదటి ఖాళీ పేజీలో మా నలుగురి పుట్టిన తేదీలు, అమ్మ బాప్తిస్మం తేదీ నాయిన చేతిరాతతోనే ఉన్నయ్. నాయిన పోయి పదకొండేండ్లు.

మా సంఘం యవ్వనస్థులు రెండు రాత్రులు కూసొని ఆకు ఆకుకు మధ్య న్యూస్‌పేపర్ పెట్టి, ఫ్యాన్ కింద ఆరబెట్టిన్రు. ఎండల పెడితే కాగితం ముడుచుకపోతదని నీడకే ఉంచిన్రు. అంటుకున్నచోట పౌడర్ చల్లి, దువ్వెన పండ్లతో మెల్లగ విడదీసిన్రు. నాయిన రాత కొంచెం అలికింది గాని, చదవొస్తుంది. కీర్తనల దగ్గర రెండు ఆకులు మాత్రం చినిగి పిండైనయ్. 103వ కీర్తన అందులోనే పోయింది.

"నేను చెప్త, రాయండి బిడ్డా" అన్నది అమ్మ, కంటికి నల్లద్దాలతోనే. సండేస్కూల్ పిల్లలు చుట్టూ కూసున్నరు. "నా ప్రాణమా, యెహోవాను సన్నుతించుము" అని మొదలుపెట్టి 22 వచనాలు చెప్పింది. "నరుని ఆయువు గడ్డివలె నున్నది" దగ్గర కొంచెంసేపు ఆగింది. నాయిన సమాధి మీద మేం చెక్కించింది కూడ గడ్డి మాటే: "గడ్డి యెండిపోవును, దాని పువ్వు వాడిపోవును, మన దేవుని వాక్యము నిత్యము నిలుచును." పిల్లలు కలాలు పట్టుకొని ఎదురుచూసిన్రు. ఆమె మళ్లీ అందుకుంది. ఆ రెండు ఆకుల్లో పోయిన మిగిలిన భాగం పాస్టరయ్య తన బైబిల్‌లోంచి చదివి రాయించి, అమ్మ చెప్పింది కూడ సరిచూసిన్రు.

ఆ రోజు పాస్టరయ్య యిర్మీయా 36వ అధ్యాయం చదివిన్రు. యెహోయాకీము రాజు చలికాలంల కుంపటి ముందు కూసొని, యిర్మీయా ప్రవక్త చెప్పంగ బారూకు రాసిన గ్రంథంలో మూడు నాలుగు పుటలు యెహూది చదివి వినిపించినప్పుడల్లా, వాటిని చాకుతో కోసి నిప్పుల వేసిండు. యిర్మీయా మళ్లీ నోటితో చెప్పిండు, బారూకు మళ్లీ రాసిండు. ఇంకా ఎన్నో మాటలు అందుల చేరినయ్. 1812 మార్చిలో బెంగాల్‌లోని సేరంపూర్ మిషనరీల అచ్చుకూటం కాలిపోయి, ఎన్నో అనువాదాల రాతప్రతులు బూడిదైన సంగతి కూడ చెప్పిన్రు. కరిగిన సీసం ఏరి మళ్లీ అచ్చు అక్షరాలు పోసుకున్నరట. అదే అచ్చుకూటం నుంచి 1818లో తెలుగు కొత్త నిబంధన వచ్చింది. చిన్నప్పటి నుంచి గుడికి పోతున్న నేను ఇది ఇప్పుడే విన్న.

క్లాక్ టవర్ సెంటర్ దగ్గర బైండింగ్ చేసే భాయ్‌కి నా వందనాలు ఎట్ల చెప్పాల్నో తెల్వదు. ముందుగాల చేతులు కడుక్కొని, బల్ల మీద శుభ్రమైన బట్ట పరిచినంకనే బైబిల్ తీసుకున్నడు. "అక్కా, పాత దారం మొత్తం ఇప్పి మళ్ల కుట్టాలె" అన్నడు. పురుగు పట్టకుండ మైదా లైలో మైలుతుత్తం కలిపిండు. పిల్లలు రాసిన ఆకుల్ని అదే కొలతకు కోసి, ఉన్నచోటనే కుట్టిండు. అట్టకు, రెక్సిన్‌కు అయిన పైసలే తీసుకున్నడు, కూలి పట్టలేదు.

అద్దాలు తీసినంక అమ్మ మొదట తెరిచింది ఆ ఆకులే. నీలం ఇంకు, వంకర అక్షరాలు. వేలు పెట్టి చదువుతుంది, నాయిన నేర్పినట్టే.

వచ్చే ఆదివారం ఆరాధన అయినంక అందరూ మా ఇంటికి రావాలె. అమ్మ బగారన్నం, కోడికూర చేస్తనంటుంది. భాయ్, మీరు ఇంటోళ్లందరిని తీసుకొని రండి. అమ్మ మీ కోసం ఎదురుచూస్తది.