ఆ ల్యాప్‌టాప్ అప్పుడే పడెయ్యకు

రేయ్ మామా,

నీ మెసేజ్ చూశా. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో ఫ్రీ సపోర్ట్ అయిపోయింది, 11 వేద్దామంటే టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేదని మొండికేస్తోంది, అందుకని ఆ పాత ల్యాప్‌టాప్ పడేద్దామా అంటావ్. వద్దురా బాబూ. విండోస్ బదులు ఫ్రీగా దొరికే లినక్స్ వేసేయ్, ఇంకొన్నేళ్లు లాగుతుంది.

కానీ అన్నిటికంటే తేలికైన ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) ఏది అని అడిగావ్ చూడు, అక్కడే తేడా కొడుతోంది. ఓఎస్ ఎంత సన్నగా ఉన్నా నువ్వు బ్రౌజర్ తెరిచి ఎప్పట్లాగే బోలెడు ట్యాబ్‌లు పెట్టావంటే ర్యామ్ మొత్తం అదే మింగేస్తుంది, రెండు ఓఎస్‌ల మధ్య ఉండే ఆ కొద్ది ఎంబీల తేడా ఏ మూలకీ రాదు. అందుకే ముందు నీ ర్యామ్ ఎంతో చూడు. 4 జీబీ ఉంటే ఇంకేం ఆలోచించకుండా లినక్స్ రకాల్లో ఒకటైన లినక్స్ మింట్‌లో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ వేసేయ్, మెనూ కింద మూలనే ఉంటుంది, విండోస్ అలవాటున్నోడికి పెద్దగా తికమక ఉండదు. 2 జీబీనే అయితే లుబుంటు అనే ఇంకో లినక్స్ రకం చూడొచ్చు గానీ నా ఓటు యాంటిఎక్స్ అనే రకానికే, పాత మెషిన్లని దృష్టిలో పెట్టుకునే చేశారు దాన్ని, చూడ్డానికి పాతకాలం వాలకమే అనుకో, పని మాత్రం చకచకా అయిపోతుంది. ప్రాసెసర్ 32-బిట్‌దా అన్నది కూడా చూస్కో, ఉబుంటు అనే లినక్స్ వాళ్లు 32-బిట్‌ని ఎప్పుడో వదిలేశారు, 2025లో వచ్చిన డెబియన్ 13 అనే ఇంకో లినక్స్‌కి కూడా 32-బిట్ ఇన్‌స్టాలర్ లేదు, యాంటిఎక్స్ 23లో మాత్రం ఉంది.

పప్పీ లినక్స్ అంటావేమో, మొత్తం ర్యామ్‌లోకి ఎక్కి పరిగెడుతుంది, సరదాగానే ఉంటుంది, కానీ మామూలుగా సిస్టమ్‌లో ఏదైనా మార్చగలిగే రూట్ యూజర్‌గానే నడుస్తుంది, అంటే సేఫ్ కాదు కాబట్టి రోజూ వాడ్డానికి నేనైతే చెప్పను.

ఇంకోటి, లోపల ఇంకా పాత హార్డ్ డిస్కే తిరుగుతోందంటే అది తీసి సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) పెట్టించు, దాంతో వచ్చే స్పీడ్ ఏ ఓఎస్ మార్చినా రాదు, నిజంగా.

ఇన్‌స్టాల్ చేసే ముందు పెన్‌డ్రైవ్‌లో వెంటాయ్ (ఒకే పెన్‌డ్రైవ్ నుంచి చాలా ఓఎస్‌లు బూట్ చేసే టూల్) వేసుకుని రెండు మూడు ఐఎస్ఓలు (ఓఎస్ ఇన్‌స్టాల్ ఫైళ్లు) అందులో పడేయ్, ఒక్కోటీ లైవ్‌లో, అంటే ఇన్‌స్టాల్ చెయ్యకుండా పెన్‌డ్రైవ్ నుంచే, బూట్ చేసి చూడు, డిస్క్ జోలికి వెళ్లదు. వైఫై పట్టుకుంటోందా, సౌండ్ వస్తోందా, మూత మూసి తెరిస్తే మళ్లీ లేస్తోందా, ఈ మూడూ కచ్చితంగా చూడు. బ్రాడ్‌కామ్ వైఫై కార్డయితే కొన్నిసార్లు డ్రైవర్ విడిగా వేసుకోవాలి, మింట్‌లో డ్రైవర్ మేనేజర్ ఉంది గానీ డౌన్‌లోడ్‌కి నెట్ కావాలిగా, అప్పుడు ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో పెట్టి టెదరింగ్ ఆన్ చేసెయ్, ఫోన్ నెట్ ల్యాప్‌టాప్‌కి వస్తుంది.

ఫొటోలూ ఫైళ్లూ బయట డిస్క్‌లోకి కాపీ చేశాకే ఇన్‌స్టాల్ మొదలెట్టు, ఎరేజ్ డిస్క్ అని అడిగినప్పుడు ఊ కొట్టావంటే విండోస్‌తో పాటు అన్నీ పోతాయ్. ముందు ర్యామ్ ఎంతో, మోడల్ ఏంటో చెప్పు, ఏ ఐఎస్ఓ దించాలో చెప్తా.

ఉంటా మరి.